టెన్షన్ పెట్టుకోకండమ్మా!

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన ఇళ్లల్లో ఉప్పుకన్నా ఎక్కువగా వాడుతున్న మాట ఒకటి వుంది. 'టెన్షన్'. పిల్లవాడికి పరీక్షలు, టెన్షన్. పనిమనిషి రాలేదు, టెన్షన్. అమ్మాయికి సంబంధం కుదరలేదు, టెన్షన్. కుదిరింది, ఇంకా టెన్షన్! చదువుకున్నవాళ్లం, చదువుకోనివాళ్లం అనే భేదం లేకుండా అందరం ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటున్నాం.

మా అమ్మమ్మ కాలంలో ఈ మాట లేదు. అలాగని ఆవిడ కాలంలో కష్టాలు లేవని కాదు లెండి. వాటికి వేరువేరు పేర్లుండేవి. కొత్తగా కాపరానికి వెళ్లిన పిల్ల పుట్టింటిమీద పెట్టుకునేది బెంగ. పొద్దుపోయినా ఇల్లు చేరని మనిషికోసం వీధి గుమ్మంలో నిలబడినప్పుడు కలిగేది ఆదుర్దా. ఎవరితోనూ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయేది మనేద. "పిల్ల బెంగతో జ్వరం తెచ్చుకుందే" అని అమ్మమ్మ అంటే, జ్వరం ఉత్తుత్తిదని కాదు అర్థం. జ్వరమూ నిజమే, బెంగా నిజమే. మిరియాల కషాయమూ కాచి ఇచ్చేది, దిష్టీ తీసేది, నాలుగు రోజులు పుట్టింటికి పంపమని వియ్యపురాలికి కబురూ పెట్టేది. ఇందులో ఏ మందు పనిచేసిందో ఎవరూ లెక్క కట్టలేదు గాని, పిల్ల మాత్రం కోలుకునేది.

మన భాష కూడా ఈ సంగతి కనిపెట్టినట్టే కనిపిస్తుంది. గుండె జారింది అంటాం. కడుపు తరుక్కుపోయింది అంటాం. నోరు తడారిపోయింది, వొళ్లు మండింది, తల పగిలిపోతోంది అంటాం. చితకీ చింతకీ నడుమ తేడా ఒక్క సున్నాయేనని పెద్దలు అననే అన్నారు. మనసుకు కలిగిన బాధని వొంటిలోని ఒక్కొక్క చోటికి అప్పగించి చెప్పడం మనకి మొదటినుంచీ అలవాటు. అవి అతిశయోక్తులేమో అని నేనూ చాలాకాలం అనుకున్నాను. నా ఎడమచేతి బొటనవేలు తెగేవరకూ అలాగే అనుకున్నాను.

ఆ వేలి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పధ్నాలుగు నెలలు మంచంమీదే వున్నారు. వీపు పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. మెత్తగా కలిపిన అన్నం చెంచాతో పెట్టాలి, పొలమారితే ప్రమాదం. దుప్పట్లు, గుడ్డలు సరే సరి. ఆవిడ మంచి మనిషి. నన్ను ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అయినా రాత్రిళ్లు ఆవిడ పిలవకపోయినా పిలిచినట్టు వినపడి ఉలిక్కిపడి లేచేదాన్ని. లేచి చూస్తే ఆవిడ నిద్రపోతూ వుండేవారు. నాకే నిద్ర వుండేది కాదు.

ఎనిమిదో నెలలో కాబోలు, దప్పళంలోకి గుమ్మడికాయ తరుగుతుంటే ముక్క జారి కత్తిపీటమీద వేలు తెగింది. ఇల్లాలి చేతికి అలాంటివి ఎన్ని తగలవు! పసుపు అద్ది గుడ్డపీలిక కట్టేశాను. వారం అయింది, రెండు వారాలయింది, మూడు వారాలయింది. మానినట్టే మానడం, మళ్లీ అంచులు విచ్చుకోవడం. సుగరేమోనని భయం పట్టుకుంది. పరీక్షలు చేయిస్తే అన్నీ సవ్యంగా వున్నాయన్నారు. డాక్టరుగారు కాయితాలు నా చేతికిస్తూ, "ఏం లేదమ్మా, టెన్షన్. టెన్షన్ పెట్టుకోకండి, అదే మానుతుంది" అన్నారు.

పెట్టుకోవడానికీ, తీసి గూట్లో పెట్టడానికీ అదేమన్నా ముక్కుపుడకా చెప్పండి! నిజం చెప్పొద్దూ, నాకు కోపంకన్నా సిగ్గు ఎక్కువ వేసింది. అంటే నా పుండుకి నేనే కారణమన్నమాట, మనసు గట్టిగా వుంచుకోలేని దాన్నన్నమాట, అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొంతకాలానికి, మెడిసిన్ చదువుతున్న మా అన్నయ్య కూతురు సెలవులకి వచ్చి ఈ సంగతి విని నవ్వింది. "అత్తా, నీ వేలి గురించి అమెరికావాళ్లు 1995లోనే రాసేశారు" అంది. ఏమిటే అంటే చెప్పింది.

అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అని వుంది. అక్కడ జానిస్ కీకోల్ట్-గ్లేసర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆవిడ భర్త రోనాల్డ్ గ్లేసర్ కలిసి పరిశోధనలు చేసేవారు. ఆయన చదువు వైరస్‌ల గురించి, రోగనిరోధక శక్తి గురించి. ఆవిడ చదువు మనసు గురించి. ఆలుమగలిద్దరూ రెండు చదువులనీ ఒకచోట పెట్టారు. మతిమరుపు జబ్బు ముదిరిన తల్లినో, తండ్రినో, భర్తనో ఇంట్లో పెట్టుకుని చాకిరీ చేస్తున్న ఆడవాళ్లని 13 మందిని తీసుకున్నారు. అదే వయసు, దాదాపు అదే రాబడి వున్న, అలాంటి చాకిరీ లేని ఆడవాళ్లని మరో 13 మందిని తీసుకున్నారు. అందరికీ ముంజేతిమీద ఒకే కొలత గాయం, మూడున్నర మిల్లీమీటర్లది, చేశారు. మన పప్పుబద్దంత కూడా వుండదు. అది పూర్తిగా మానడానికి ఎన్నాళ్లు పడుతుందో కనిపెట్టి చూశారు. చాకిరీ లేనివాళ్లకి సగటున 39 రోజులు పట్టింది. రోగి పక్కన మేలుకునేవాళ్లకి 48 రోజులు దాటింది. పప్పుబద్ద పాటి గాయానికి తొమ్మిది రోజుల తేడా!

ఇరవై ఆరుగురంటే చిన్న పరిశోధనే. ఒక్కదానితో శాస్త్రం నిలబడదు. అయితే ఆ పరిశోధన అంతటితో ఆగలేదు. 1998లో దంతవైద్యం చదివే విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి చూశారు. వేసవి సెలవుల్లో మానినదానికన్నా పరీక్షల ముందు మానడానికి 40 శాతం ఎక్కువ రోజులు పట్టింది. అంతకన్నా చిత్రమైనది 2005లో వెలువడింది. పెళ్లయిన 42 జంటలను రెండుసార్లు, సారికి ఒక్కొక్క రోజు చొప్పున ఆస్పత్రిలో వుంచి చేతిమీద చిన్న బొబ్బలు పుట్టించారు. ఒకసారి ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే కబుర్లు చెప్పించారు. ఇంకోసారి తమ మధ్య ఎప్పుడూ తగవు తెచ్చే విషయమే మాట్లాడుకోమన్నారు. తగవు పడిన తర్వాత పుండు మానడం వెనకపడింది. అందులోనూ ఎత్తిపొడుపులు, వెటకారాలు ఎక్కువగా వున్న జంటలకి మిగతావాళ్లకి మానే వేగంలో 60 శాతం వేగంతోనే మానింది. మావారికి ఈ సంగతి చదివి వినిపించాను. "అయితే ఇద్దరికీనా, భార్యకేనా?" అని అడిగారు. ఇద్దరికీనండీ.

ఇదెలా జరుగుతుంది? మనసులో వున్న బరువు బొటనవేలి దాకా ఏ దారిన దిగుతుంది?

అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి ఫోను మోగిందనుకోండి. ఊళ్లో పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ వేళప్పుడు ఫోను మోగితే ఎలా వుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు లేచి ఫోను ఎత్తేలోపలే మీ వొంట్లో పెద్ద హడావిడి జరిగిపోతుంది. మూత్రపిండాల నెత్తిమీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులున్నాయి, అడ్రినల్ గ్రంథులంటారు. మెదడునుంచి ఆజ్ఞ రాగానే అవి అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది. కాలేయం దాచుకున్న చక్కెరని రక్తంలో కలిపేస్తుంది. నోరు ఎండుతుంది, అరచేతులు చెమర్చుతాయి, జీర్ణకోశం పని ఆపేస్తుంది. గాయమైతే రక్తం ఎక్కువ పోకుండా, త్వరగా గడ్డకట్టడానికి కూడా సిద్ధమైపోతుంది. పులి ఎదురుపడితే పరుగెత్తడానికో, తిరగబడడానికో కావలసిన ఏర్పాటు ఇది.

హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే ఆయన ఇంకా విద్యార్థిగా వున్నప్పుడు, ఎక్స్‌రే కొత్తగా కనిపెట్టిన రోజుల్లో, పిల్లులకి తిండిపెట్టి వాటి పొట్టలో కదలిక ఎలా వుంటుందో తెరమీద చూస్తుండేవాడు. పిల్లికి చిరాకు కలిగినప్పుడల్లా పొట్ట కదలడం ఠక్కున ఆగిపోయేది. తల నిమిరి శాంతింపజేస్తే మళ్లీ కదిలేది. మొదట్లో అది తన ప్రయోగానికి అడ్డనుకున్నాడు. తర్వాత ఆ అడ్డునే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసి, భయం, కోపం, ఆకలి, నొప్పి శరీరాన్ని ఎలా మారుస్తాయో 1915లో పెద్ద పుస్తకమే రాశాడు. అన్నం దగ్గర పిల్లల్ని తిట్టొద్దని మా అమ్మమ్మ అనేది. ఆవిడకి ఎక్స్‌రే అక్కర్లేకపోయింది.

సరే, ఫోను ఎత్తారు. రాంగ్ నంబరు. తిట్టుకుని పెట్టేశారు. కాసేపట్లో గుండె సర్దుకుంటుంది, మంచినీళ్లు తాగి పడుకుంటారు. దీనివల్ల ఏ నష్టమూ లేదు. చిక్కంతా ఆ ఫోను రోజూ మోగితేనే. లేదా, మోగకపోయినా మోగుతుందేమోనని మనం చెవి ఒగ్గి పడుకుంటేనే. అడ్రినలిన్ నిమిషాల వ్యవహారం. దాని వెనకాలే కార్టిసాల్ అనేది ఒకటి వస్తుంది. అది నెమ్మదిగా వచ్చి ఎక్కువసేపు వుంటుంది. అదీ శత్రువేం కాదు, అది లేకపోతే బతకలేం. కాని అది అదుపు తప్పి నెలల తరబడి ఎక్కువైతే రక్తంలో చక్కెర పెరుగుతుంది, రక్తపుపోటు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. కొందరికి నెలసరి కూడా తప్పుతుంది. గాయమైన చోటికి మొట్టమొదట పరుగెత్తుకు రావలసిన రక్షక కణాలకి అది కళ్లెం వేస్తుంది. ఇంట్లో దొంగలు పడ్డారని, గోడకి మరమ్మతు చేస్తున్న మేస్త్రీని కూడా పిలిచి చేతికి కర్ర ఇచ్చామనుకోండి. దొంగలు వెళ్లిపోతే మేస్త్రీ మళ్లీ గోడ దగ్గరికి వెళతాడు. దొంగలున్నారన్న అనుమానం పధ్నాలుగు నెలలుంటే? గోడ అలాగే వుంటుంది. నా వేలు అలాంటి గోడే అయివుండవచ్చునని మా మేనకోడలు అంది. అయివుండవచ్చును అనే అంది, అయింది అనలేదు. ఒక్క మనిషి ఒక్క వేలి గురించి ఖాయంగా ఎవరూ చెప్పలేరట. ఆ మాట నాకు నచ్చింది.

జలుబు సంగతి కూడా ఇలాంటిదే. 1991లో షెల్డన్ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఇంగ్లండులో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసి, ఆ ఫలితాలు ప్రకటించారు. మనసులో ఒత్తిడి తక్కువగా వున్నవాళ్లలో నూటికి 27 మందికి జలుబు పట్టుకుంటే, బాగా ఎక్కువగా వున్నవాళ్లలో 47 మందికి పట్టుకుంది. వైరస్ చుక్కలు అందరికీ పడ్డాయి. ఇల్లే వేరు.

ఇంతవరకూ విని మీరు, "అయితే జబ్బులన్నీ మనసువల్లే వస్తాయన్నమాట" అనుకుంటారేమో. అనుకోకండి. అలా అనుకుని డాక్టర్లే బోర్లాపడ్డ కథ ఒకటుంది.

కడుపులో పుండు, అదే అల్సర్, చిరాకుపడే మనుషులకీ, దిగులుపడే మనుషులకీ వస్తుందని చాలా ఏళ్లు వైద్యులు గట్టిగా నమ్మారు. "కారం మానండి, పాలు తాగండి, మనసు ప్రశాంతంగా వుంచుకోండి" అనేవారు. మా మేనమామ ఒకాయన చప్పిడి కూడు తింటూ, పాలు తాగుతూ, ప్రశాంతంగా వుండడానికి నానా తంటాలు పడుతూ పదేళ్లు కడుపునొప్పితో గడిపాడు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ కడుపుల్లో మెలికలు తిరిగిన ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 1982లో దాన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవుల్ని తనే తాగేసి కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆ క్రిమి వల్ల వచ్చిన పుండుకి రెండు వారాలపాటు మందులు వాడితే చాలావరకు నయమవుతుంది. మా మేనమామని ఇన్నేళ్లూ "నీ కోపమే నీ శత్రువు" అని దెప్పినవాళ్లు ఎవరూ వచ్చి క్షమాపణ చెప్పలేదు లెండి.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఆ క్రిమి కడుపులో వున్నవాళ్లలో చాలామందికి ఎన్నటికీ పుండు పడదు. మరి కొందరికే ఎందుకు పడుతుంది? నొప్పి బిళ్లలు అదేపనిగా మింగడం ఒక కారణం. మనం ఈ పని బాగా చేస్తాం, మోకాళ్ల నొప్పికి ఒకటి, తలనొప్పికి ఒకటి. డెన్మార్క్‌లో మూడువేలమందికి పైగా జనాన్ని పదేళ్లు దాటి గమనించి 2015లో ప్రకటించినదాన్నిబట్టి, ఆ క్రిమి వున్నా లేకపోయినా, జీవితంలో ఒత్తిడి ఎక్కువగా వున్నవాళ్లకి పుండ్లు ఎక్కువగానే పడ్డాయి. అంటే క్రిమీ నిజమే, దిగులూ నిజమే. మళ్లీ అమ్మమ్మ మాట దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు నేను చెప్పబోయేది చెప్పడానికి నాకు కష్టంగా వుంది. అయినా ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఇది చెప్పడానికి.

మా ఎదురింట్లో ఒక పిన్నిగారున్నారు. వరసకి పిన్ని కారు, పిలుపుకి పిన్నిగారు. అరవై దాటిన మనిషి. కొడుకులిద్దరూ ఇల్లు పంచుకునే దగ్గర మాటామాటా అనుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆవిడ ఇద్దరి మధ్యా నలిగిపోతూ వుండేవారు. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి కూర్చుని, "ఏమిటోనే అమ్మాయ్, రెండు రోజులుగా వీపులో బరువుగా వుంటోంది. దవడ లాగుతోంది. డాబామీద బట్టలారేసి కిందికి దిగేసరికి ఆయాసం. తిన్నది ఇమడ్డం లేదు" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "ఏం లేదు పిన్నిగారూ, టెన్షన్. అన్నీ అలా మనసులో పెట్టుకోకండి" అన్నాను. నన్ను అంత సిగ్గుపెట్టిన మాటే, నా నోటితో నేనే! వాము నీళ్లు కాచి ఇచ్చాను. ఆవిడ తాగి, "అంతేలే" అని వెళ్లిపోయారు.

తెల్లవారుజామున వాళ్ల కోడలు వచ్చి తలుపు కొట్టింది. 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాం. గుండెకి రక్తం తీసుకెళ్లే నాళాలు రెండు పూడుకుపోయాయన్నారు. బతికారు. కాని గుండె కండరం కొంత దెబ్బతింది. "ఎప్పటినుంచి వుంది నొప్పి?" అని డాక్టరుగారు అడిగితే, "రెండు రోజులనుంచీ" అని చెప్పింది నేనే. ఆయన నన్ను ఏమీ అనలేదు. అని వుంటే బాగుండేది. ఆవిడ ఇప్పుడు మెట్లెక్కరు. డాబామీద వాళ్ల బట్టలు కూడా నేనే ఆరేస్తాను.

సినిమాల్లో గుండెపోటంటే మగవాడు ఛాతీ పట్టుకుని కుప్పకూలిపోతాడు. ఆడవాళ్లలోనూ ఛాతీ నొప్పే ఎక్కువగా వస్తుంది గాని, దానితోపాటో, ఒక్కోసారి అది లేకుండానో వీపు, మెడ, దవడ నొప్పి, ఆయాసం, వాంతి వచ్చేట్టుండడం, ఎన్నడూ లేని నీరసం మగవాళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తాయి. ఈ లక్షణాలు చూసి గ్యాసనుకుంటాం, నడుం పట్టిందనుకుంటాం, అన్నిటికన్నా ముందు టెన్షననుకుంటాం. మనమే కాదు, ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు, అప్పుడప్పుడు ఆస్పత్రిలోవాళ్లూ అనుకుంటారు.

మరి పిన్నిగారి గుండెకి కొడుకుల తగవు కారణం కాదా? ఎందుకు కాకూడదు? కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ సలీం యూసుఫ్ అనే డాక్టరు ఆధ్వర్యంలో 52 దేశాల్లో, మన దేశం కూడా కలిపి, మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లని దాదాపు 15 వేలమందిని, రానివాళ్లని ఇంచుమించు అంతమందినీ పోల్చి చూశారు. 2004లో వెలువడిన ఆ ఫలితాల్లో పొగతాగడం, రక్తపుపోటు, చక్కెర జబ్బు లాంటివాటి సరసనే మానసిక ఒత్తిడి కూడా వుంది. ఇంటి గొడవలు, డబ్బు ఇబ్బందులు, దిగులు, అన్నీ అందులో లెక్కకి వచ్చాయి. కాబట్టి నేనన్న మాట పూర్తి అబద్ధం కాదు. నిజమైన మాటనే తీసుకెళ్లి ఆవిడ నోరు మూయించడానికి వాడాను. టెన్షన్ అన్నాక ఇంకేముంది చెప్పడానికి? లేచి వెళ్లిపోయారు.

జపానులో 1990లో డాక్టర్లు ఒక వింత జబ్బుకి పేరు పెట్టారు, టకొత్సుబో అని. అది ఆక్టోపస్‌ని పట్టడానికి జాలర్లు వాడే కుండ పేరు. మెడ సన్నం, అడుగు గుండ్రం, మన కూజాలాగా. పెద్ద దుఃఖమో, భయమో కలిగినప్పుడు ఒక్కసారిగా గుండె ఎడమ గది ఆ కుండ ఆకారంలో ఉబ్బి పని తగ్గిస్తుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, అచ్చం గుండెపోటే. నాళాలు పరీక్షిస్తే దానికి కారణమయ్యే అడ్డు కనిపించదు. ఇది వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముట్లుడిగిన ఆడవాళ్లు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. గుండె పగిలిందనడం వట్టి మాట కాదన్నమాట. ఇది కూడా ఆస్పత్రిలో పరీక్షిస్తేనే తేలుతుంది. అది గుండెపోటా, దుఃఖమా అని వంటింట్లో తేల్చడం ఎవరి తరమూ కాదు.

గుండె దాకా అక్కర్లేదు. నీరసం, దడ, చిరాకు, తల తిరగడం... వీటికి రక్తహీనత ఎంత సామాన్యమైన కారణమో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా వుందని తేలింది. సగానికి పైగా! థైరాయిడ్ తేడా చేసినా ఇవే లక్షణాలు. చిన్న రక్తపరీక్షలతో బయటపడేవాటిని టెన్షన్ ఖాతాలో రాసుకుని ఏళ్లకేళ్లు ఈడుస్తున్నవాళ్లు మీ వీధిలోనే నలుగురుంటారు.

పరీక్షలన్నీ చేయించి, ఏ జబ్బూ లేదని తేలిన తర్వాత నిజంగానే ఒత్తిడే మిగిలితే? అప్పుడైనా "టెన్షన్ పెట్టుకోకు" అనడంవల్ల ప్రయోజనం లేదు. దేనివల్ల అని అడగాలి. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు, జీవితంలో మార్పులు మనిషినెంత కుదుపుతాయో మార్కులు వేసి పట్టిక తయారుచేశారు. జీవిత భాగస్వామి పోతే 100. పెళ్లికి 50, సంతోషమైనా సరే! అత్తవారి తరఫువాళ్లతో పేచీలకి 29. కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళితే అదీ 29. నేను ఆ పట్టిక చదువుతూ నవ్వుకున్నాను. అందులో మంచంమీది మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పడానికి మార్కుల్లేవు. నలుగురు నాలుగు వేళల్లో భోజనానికి రావడానికి మార్కుల్లేవు. అవి సంఘటనలు కావు కదా, అందుకని. రోజూ జరిగేదాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

మా ఇంట్లో లెక్కలోకి వచ్చింది ఎలాగంటే, వేలు మానక నేను అంట్లు తోమలేకపోవడంవల్ల. అప్పటిదాకా మావారు, "అమ్మకి నీ చేత్తో పెడితేనే సయిస్తుంది" అనేవారు. ఆ మాటలో మెచ్చుకోలూ వుంది, తప్పించుకోవడమూ వుంది. నేను అలిగి కాదు, ఏడ్చి కాదు, ఒక కాయితంమీద రోజంతా ఏ గంటకి ఏం చేస్తున్నానో రాసి ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాను. అది చదివి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వారంలో మూడు రాత్రులు ఆయన లేవడం మొదలుపెట్టారు. మా తోడికోడలు రాజమండ్రినుంచి వచ్చి నెలరోజులుంది. ఆవిడ వచ్చిన వారానికే నా వేలు మానిందని చెబితే కథ బాగుంటుంది గాని, అలా జరగలేదు. ఆవిడ రాకముందే కాస్త మానడం మొదలైంది, వెళ్లాక పూర్తిగా మానింది. నిద్ర మాత్రం ఆవిడ వచ్చిన మొదటి రాత్రే పట్టింది. తెల్లవారి ఏడింటికి మెలకువ వస్తే ఎక్కడున్నానో తెలియలేదు.

అందరికీ తోడికోడళ్లుండరు, వున్నా అందరూ రారు. చెప్పుకోవడానికి మనిషే లేనివాళ్లకి 'టెలి మానస్' అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోను సదుపాయం వుంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడం పిచ్చివాళ్ల పని అనే అపోహ మన పెద్దవాళ్లతోనే పోతే మంచిది. దిగులు రోజుల తరబడి వదలకుండా వుండి, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే, అదీ వైద్యం చేయించుకోవలసిన జబ్బే.

మా అత్తగారు పోయి చాలాకాలమైంది. వేలిమీద గీత అలాగే వుంది.

మొన్న సాయంత్రం పిన్నిగారు మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, ఒంట్లో ఏదోలా వుందే" అన్నారు. కుర్చీ వేశాను. "ఎక్కడ పిన్నిగారూ? ఎప్పటినుంచి? ఆయాసం వుందా? దవడ లాగుతోందా?" అని అడిగాను. లేదు, లేదు అన్నారు. ఆవిడకి బి.పి. చూసే మిషను మా ఇంట్లోనే పెట్టుకున్నాం; చూశాను, బాగానే వుంది. అయినా ఆవిడ లేవలేదు. నేను చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆవిడా కాసిని తీసుకున్నారు. కాయలు సగమయ్యాక చెప్పారు, పెద్దకొడుకు ఫోను చేసి పదకొండు రోజులయిందట. రోజులు లెక్కపెట్టుకుంటున్నారు పాపం. "మీరే చెయ్యకూడదూ?" అంటే, "ఏమంటాడో" అన్నారు. మిగిలిన కాయలు కూడా అయిపోయాక, నా ఫోనునుంచి చేసిచ్చాను.